మా బాపు పొలానికి గ్రాఫిక్స్ కార్డు

కంప్యూటర్‌లో వాన పడితే మా బాపు లేచి మగ్గాల షెడ్డుకు పోయేవాడు. నా గొడవంతా అక్కడ మొదలైంది.

కాస్త వివరంగా చెప్తాను, లేకపోతే నాకు మతి పోయిందనుకుంటారు. బాపు అంటే మా నాన్న. మా వైపు అట్లాగే పిలుస్తాం. మగ్గాలకు పేరుపడ్డ భివండిలో, గైబీ నగర్ సందుల్లో, ముప్పై ఏళ్లకు పైగా పవర్‌లూమ్ మీద కూలికి పనిచేశాడు. ఊళ్లో మాకు గుంటెడు భూమి లేదు. ఒకరి చేలల్లో కలుపు తీసి, కోతలు కోసి, విసిగిపోయి బస్సెక్కి ఇక్కడికి వచ్చి, ఇక్కడ ఒకరి మగ్గాలు నడిపాడు. ముందు ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. తరువాత దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు, దూది నూగు ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుందనీ, ఇక షెడ్డులో అడుగు పెడితే ఏ మందూ పనిచేయదనీ చెప్పాడు. "దోస్తులతో చాయ్ తాగడానికి కూడా పోవద్దు" అని రెండుసార్లు చెప్పాడు. నేను భివండి బయట కాశేలిలో ఒక గోదాములో పని చేస్తాను, ఏ పెట్టె ఏ అరలో ఉందో కంప్యూటర్‌లో ఎక్కించే పని. నూగుకు దూరంగా ఉంటాడని గది కూడా కాశేలికే మార్చాం.

గది మార్చితే మనిషి మారతాడా? పొద్దున చాయ్ తాగి, గోడ వంక చూసి, కిటికీ వంక చూసి, పది కాకముందే చెప్పులు వేసుకునేవాడు. "గిట్ల పోయి గట్ల వస్త" అనేవాడు. ఆటో ఎక్కి గైబీ నగర్ పోయి, పాత షెడ్డులో కూర్చుని, ఎవరిదో మగ్గం ఆగితే దారం ముడి వేసి వచ్చేవాడు. వచ్చేటప్పటికి కనుబొమ్మల మీద తెల్లగా నూగు, ఇంటికి రాగానే దగ్గు. అమ్మ తిట్టేది, నేను తిట్టేదాన్ని. ఆయనకు సగం వినపడదు, వినపడిన సగం వినడు.

చివరికి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టింది డాక్టరూ కాదు, అమ్మా కాదు, ఒక ఆట. గోదాములో పాత ఆఫీసు కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి నేను తెచ్చుకున్నాను. నాకు గేమ్‌ల పిచ్చి బడిలో ఉన్నప్పటి నుంచీ ఉంది. ఆడపిల్లకు ఇదేం పిచ్చి అని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. ఒక ఆదివారం వ్యవసాయం ఆట పెట్టుకుని ట్రాక్టర్ తోలుతుంటే బాపు వెనక నిలబడ్డాడు.

"గా ట్రాక్టర్ ఎవలిది?" అన్నాడు.

"మనదే బాపూ."

"భూమి?"

"అది గూడ మనదే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఆయనది, కంప్యూటర్ ఆయనది, నేను నా సొంత కంప్యూటర్‌లో గేమ్ ఆడుకోవడానికి సెలవు అడగవలసి వచ్చింది. మక్క వేశాడు, సోయా వేశాడు. పత్తి మాత్రం వేయడు. "దాని మొఖం సూడ" అంటాడు. షెడ్డు సంగతే మరిచిపోయాడు. మూడు వారాలు గడప దాటలేదు, దగ్గు కూడా తగ్గింది. అమ్మ నన్ను మెచ్చుకున్నది నాకు తెలిసి అదే మొదటిసారి.

తరువాత ఆటలో వానాకాలం వచ్చింది. ఆ కంప్యూటర్‌లో తెర మీద బొమ్మలు కదిలించే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు. అది బిల్లులు కొట్టుకునే ఆఫీసు కోసం చేసినది పాపం, దానికి ట్రాక్టర్ ఒక్కటే ఉంటే ఎట్లాగో లాగేది. వాన చుక్కలు, చెట్ల ఆకులు, కోత మిషన్ దుమ్ము, అన్నీ కలిసి వస్తే బొమ్మ కొయ్యబారిపోయేది. ట్రాక్టర్ ఇక్కడ ఆగి, ఇంకో చోట తేలేది. "వోల్టేజ్ తక్కువున్నదా?" అని అడిగేవాడు. నేను గోదాములో ఉండగా ఫోన్ చేసి, "వాన పడ్తున్నది, బండి కదుల్తలేదు" అనేవాడు. పక్కనున్నవాళ్లు మాకు ఎక్కడో పొలాలున్నాయనుకునేవారు. నేను ఇంటికి చేరేసరికి కుర్చీ ఖాళీ. చెప్పులు లేవు. పొద్దుపోయి వచ్చేసరికి కనుబొమ్మల మీద మళ్లీ నూగు.

సరే, కార్డు కొందాం అనుకున్నాను. బోనస్ చేతిలో ఉంది. చిన్న పని, ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తక్కువ ధరలో గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకున్నవాళ్లను ఈ లోకం బతకనివ్వదు. ఫోన్‌లో ఒక వీడియో పెడితే, రెండు జీబీల కార్డు కొనేవాడు మూర్ఖుడు అంటాడు ఒకడు. సరే, నాలుగు అనుకుంటే, ఈ రోజుల్లో నాలుగు జీబీలు దేనికీ చాలవు అని ఇంకొకడు నవ్వుతాడు. వాళ్లందరూ కలిసి చెప్పే మాట ఒకటే, "ఇంకో రెండు వేలు వేసుకోండి." ఆ రెండు వేలు వేసుకుంటే, దాని పైదానికి ఇంకో రెండు వేలే తేడా. అట్లా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే కొత్త ఫ్రిజ్ ధర దగ్గర తేలాను. నాకు కావలసింది ఒక ముసలాయన మక్కచేను మీద వాన కురవడం, అంతే. దానికి ఇంత రాద్ధాంతమా?

పైగా మా కంప్యూటర్ డబ్బా సన్నది. దానిలో కరెంటు పెట్టె ఇంకా చిన్నది, కార్డుకు విడిగా ఇవ్వడానికి ఒక్క వైరు కూడా లేదు. అంటే పొట్టి కార్డు కావాలి, సగం ఎత్తుది, విడిగా కరెంటు అడగనిది. ఆ సంగతి నాకు ఏ మహానుభావుడూ చెప్పలేదు. పెద్ద కార్డు ఒకటి ఎంచుకుని డబ్బు కట్టబోతూ, ఎందుకో డబ్బా మూత విప్పి కొలిచాను కాబట్టి సరిపోయింది. నా బేరం చెడిపోయిందని నేను తల పట్టుకుంటే, బాపు వచ్చి జానతో కొలిచాడు.

"జానెడు గూడ లేదు. గిండ్ల ఏం పడ్తది?" అన్నాడు.

"అదే నేను మొత్తుకునేది!"

"సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనుడు నీకు రాదు బిడ్డా. నేనొస్త పా."

నా తల రాత. వద్దు బాపూ అని చేతులు జోడించినా వినలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు ఆటోలో కూర్చున్నాడు.

భివండిలో బస్టాండు వెనక సందులో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణం ఒకటుంది. దుకాణదారు బల్ల మీద రెండు కార్డులు పెట్టాడు. ఒకటి పొట్టిది, ఒకే ఫ్యాన్, నాలుగు జీబీలు, వాడినది. మాకు సరిగ్గా సరిపోయేది అదే. రెండోది రెండు ఫ్యాన్లతో ఇటుకలా ఉంది. బాపు రెండు చేతుల్లో రెండూ పట్టుకుని కూరగాయలు తూచినట్టు తూచాడు.

"గిదే తీస్కో," అన్నాడు, ఇటుకను చూపిస్తూ.

"అది పట్టదు బాపూ! జానతోని నువ్వే కొలిచినవ్ గద!"

"డబ్బ కోస్తే పడ్తది. ఇనుము ఎక్కువుంటే మెషిన్ బాగ నడుస్తది. నీకేమెరుక?"

దుకాణదారు నా వంక జాలిగా చూశాడు. నేను పళ్లు కొరుక్కుంటూ కరెంటు పెట్టె సంగతి, వైరు సంగతి మళ్లీ మొదటి నుంచీ, అదీ చెవి దగ్గర అరుస్తూ, చెప్పాను. సందులో పోయేవాళ్లు నిలబడి విన్నారు. చివరికి పొట్టిదానికి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. మావాళ్లు పాత మగ్గం కొనేటప్పుడు అమ్మేవాడి మాట నమ్మరు. గంటసేపు నడిపించి, మోటారు మీద అరచెయ్యి పెట్టి, వేడి చూసి, వాసన చూసి, అప్పుడు మాట్లాడతారు. ఈ కార్డునూ అట్లాగే నడిపించాలట.

"చాచా, ఏ లూమ్ నహీ హై!" అని, ఇది మగ్గం కాదు మొర్రో అన్నట్టు దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు.

"లూమ్ నై తో క్యా, మోటర్ తో హై," అన్నాడు బాపు, మగ్గం కాకపోతేనేం, మోటారు ఉంది గదా అని ఫ్యాన్ చూపిస్తూ.

గంట నడిచింది. బాపు స్టూల్ మీద కూర్చుని, ఎద్దు వీపు మీద చెయ్యి వేసినట్టు కార్డు పక్కన చెయ్యి పెట్టుకుని, కదలకుండా గంట కూర్చున్నాడు. మధ్యలో వంగి వాసన చూశాడు. దుకాణానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. గంట అయ్యాక లేచి, "వేడి హద్దుల్నే ఉన్నది. ఫ్యాన్ జర గీకుతున్నది, పర్వ లేదు" అన్నాడు. చప్పుడు వినపడని మనిషికి ఫ్యాన్ గీకుతున్నట్టు ఎట్లా తెలిసిందని దుకాణదారు అడిగితే, అరచెయ్యి చూపించాడు. దుకాణదారు చెవి పెట్టి విని, నిజమేనని ఒప్పుకుని, రెండు వందలు తగ్గించాడు. దారంతా బాపు మీసం కింద నవ్వుకుంటూనే ఉన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

ఆ సాయంత్రం కార్డు పెట్టి ఆట తెరిచాను. వాన పడింది. ఆగకుండా పడింది. మక్క ఆకుల మీద ఒక్కో చుక్కా జారుతుంటే, గడ్డి ఊగుతుంటే, ట్రాక్టర్ ఆ వానలో నున్నగా పోయింది. అంతకు ముందు ఆ ఆటలో గడ్డి ఉందని కూడా మాకు తెలియదు. బాపు మౌస్ వదిలేసి చూస్తూ ఉండిపోయాడు.

"బురద గూడ కనవడ్తున్నది," అన్నాడు. అమ్మను పిలిచి బురద చూపించాడు.

"గంత ఖర్సు బురద కోసమానే?" అని అమ్మ నన్ను అడిగింది. కానీ ఆమె కూడా కాసేపు నిలబడి చూసింది.

ఎనిమిది రోజులు నా బతుకు చల్లగా ఉంది. షెడ్డు లేదు, నూగు లేదు. ఇంటికి వస్తే ఆయన ఇంట్లోనే ఉండేవాడు.

తొమ్మిదో రోజు నేను గోదాము నుంచి వచ్చేసరికి తెర మీద ఆకుపచ్చ గీతలు, తరువాత చీకటి. కంప్యూటర్ దగ్గర ఏదో వాసన. నాకు బాగా తెలిసిన వాసనే, ఎక్కడిదో వెంటనే గుర్తు రాలేదు. మూత తీశాను. కార్డు నిగనిగలాడుతోంది. ఫ్యాన్ రెక్కల నుంచి కారి, సన్నటి రేకుల మధ్య నిండి, కింద బోర్డు మీద చుక్కలు చుక్కలుగా నూనె. మగ్గాలకు పోసే నూనె!

బాపు దగ్గర పొడుగు ముక్కు నూనె డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తలుపు కిర్రుమంటే నూనె, సైకిల్ చైనుకు నూనె, అమ్మ కుట్టుమిషన్‌కు నూనె. మగ్గం మనిషికి గీకుతున్న యంత్రం కనబడితే చెయ్యి ఊరుకోదు. ఫ్యాన్ గీకుతున్నది గదా అని, నేను లేనప్పుడు, మూత విప్పి, ప్రేమగా, ధారాళంగా పోశాడు. ఆ జిగటకు ఫ్యాన్ తిరగలేక ఆగిపోయింది, కార్డు కాగిపోయింది.

"ఏం జేసినవ్ బాపూ?" అన్నాను.

"జర నూనె ఏసిన. ఖుష్క్ అయింది ఫ్యాను, ఎండిపోయి గీకుతున్నది."

నాకు ఏమైందో ఏమో. మూడు వారాల వీడియోలు, ఆ దుకాణంలో గంట, నా బోనస్, అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి. "నిన్ను ముట్టుమన్నదెవరు? ఏది ముట్టినా ఖరాబ్ జేసుడేనా? ముప్పయ్యేండ్లు మగ్గం నడిపి ఏం నేర్సినవ్, నూనె పోసుడేనా? గదేమన్న నీ పొలమనుకున్నవా? బొమ్మది! బొమ్మ! నీకేడున్నది పొలం?"

అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. బాపుకు వినపడి ఉండదని నేను అనుకున్నాను, నిజం చెప్పాలంటే అట్లా అనుకుంటే నాకు తేలిగ్గా ఉంది. కానీ మగ్గాల మధ్య బతికినవాళ్లు చెవితో వినరు, ఎదుటివాళ్ల పెదవులు చూసి తెలుసుకుంటారు. ఆయన నేను మాట్లాడినంతసేపూ నా పెదవుల వంకే చూశాడు. తరువాత గుడ్డ తెచ్చి, బల్ల మీద పడిన నూనె తుడిచి, అన్నం తినకుండా పడుకున్నాడు.

పొద్దున గోదాముకు ఆలస్యంగా వస్తానని చెప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా, కార్డు గుడ్డలో చుట్టుకుని దుకాణానికి పోయాను. దుకాణదారు దాన్ని వాసన చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. భివండిలో దుకాణం పెట్టాక అన్నీ చూశాననుకున్నాడట. స్పిరిట్‌తో బ్రష్ పెట్టి రేకులన్నీ కడిగాడు, పాత కార్డు నుంచి ఒక ఫ్యాన్ తీసి దీనికి బిగించాడు, నడిపి చూశాడు. శుభ్రంగా నడిచింది. బోర్డుకు ఏమీ కాలేదు, వేడెక్కి తనంతట తానే ఆగిపోయిందట. అరగంట పని. ఒక పూట టిఫిన్ ఖర్చంత తీసుకున్నాడు. ఇంతదానికా నేను అంత నోరు పారేసుకున్నది? మనసులో బాపుకు చెప్పవలసిన మాటలు సర్దుకుంటూ, ఆటోవాణ్ణి తొందరపెడుతూ ఇంటికి వచ్చాను.

కుర్చీ ఖాళీ.

"నువ్వు పోంగనే పోయిండు," అంది అమ్మ. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "టిఫిన్ డబ్బ గట్టుమన్నడు."

టిఫిన్ డబ్బా అంటే చూసి రావడానికి కాదు, పూర్తి షిఫ్టుకు.

గైబీ నగర్ షెడ్డులో ముక్కుకు చున్నీ కట్టుకుని లోపలికి పోయాను. చూరు నుంచి, బల్బుల నుంచి నూగు వేలాడుతోంది. సెలవు మీద ఊరికి పోయినవాడి మగ్గాలు రెండు బాపు నడుపుతున్నాడు. ఆయన వెంట్రుకలు అప్పటికే నూగుతో తెల్లబడ్డాయి. నన్ను చూసి చిన్నగా నవ్వాడు, దగ్గాడు. దగ్గుతూనే తెగిన పోగు పట్టుకుని ముడి వేశాడు.

ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను. "కార్డు మంచిగైంది బాపూ! ఏం గాలేదు దానికి! ఇంటికి పోదాం పా!"

"మంచిగైందా? బతికిపోయిన," అన్నాడు. ముఖం నిజంగానే విప్పారింది. చేతులు చొక్కాకు తుడుచుకుని, "మరి ఎంత కోస్తవ్ బిడ్డా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏంది?" అన్నాను.

"డ్యామేజ్ అయింది గద, నా చేతుల. ఎంత కోస్తవో చెప్పు. వారం చేస్తే ఎల్తదా?"

ఈ షెడ్లలో అది పద్ధతి. నేసేవాడి చేతిలో బట్ట చెడితే మగ్గాల యజమాని సేఠ్ నలుగురిలో నాలుగు మాటలు అంటాడు, పగారు ఇచ్చే రోజు దానికి ఇంత అని కూలిలో కోస్తాడు. తిట్టడం, కొయ్యడం, ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. నిన్న నేను ఒకటి చేశాను. రెండోది కూడా ఉంటుందని ఆయన పొద్దున్నే లేచి, టిఫిన్ డబ్బా కట్టించుకుని వచ్చాడు.

"ఏం కొయ్య బాపూ. నేను నీ బిడ్డను," అన్నాను. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. రెండోసారి అరిచి చెప్పాను. చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, దారం అయిపోయిన కండె తీసి కొత్తది పెట్టి, మగ్గం మళ్లీ నడిపాడు.

షిఫ్టు అయిపోయేదాకా అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. ఆయనకు నా మీద కోపం వచ్చి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కానీ ఆయన గొంతులో కోపం లేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి సేఠ్‌నూ ఎంత మర్యాదగా అడిగాడో, నన్నూ అంతే మర్యాదగా అడిగాడు.